వెరోనాలో ‘అయిదా’: రాతి మెట్లు, ఉక్కపోత గది

ఇటలీలోని వెరోనాకి ఒపేరా, అంటే పాటలతోనే కథ నడిచే నాటకం, చూడ్డానికి వెళ్లొచ్చాం. ముందు బస సంగతి చెప్పేస్తాను. వెరోనా స్టేషన్‌కి దగ్గరని ఒక అద్దె గది తీసుకున్నాం. ఏసీ ఉందని రాశారు, వెళ్లి చూస్తే మూలన టేబుల్ ఫ్యాన్ ఉంది. జులై ఎండలకి గోడలు కూడా సెగలు కక్కుతున్నాయి. పైగా నగర పన్ను నగదుగానే ఇవ్వాలన్నాడు ఇంటాయన. మా ఆవిడ మూడు రోజులూ ఆ ఫ్యాన్‌ని తిడుతూనే ఉంది.

అందరూ చూడమనే, ‘రోమియో జూలియెట్’ కథలోని జూలియెట్ ఇంటికి వెళ్లాం. ఇరుకు వాకిలి నిండా ఫోన్లు పైకెత్తిన జనం. ఆ బాల్కనీ 1930లలో ఆ ఇంటికి అతికించినదట! పావుగంటలో బయటపడ్డాం. దానికన్నా పియాజ్జా దెల్లె ఎర్బె అనే కూడలిలో ఊరికే కూర్చోవడం నయం. అమరోనే వైన్‌తో వండే రిసోట్టో అనే అన్నం వంటకం ఆ ఊరి ప్రత్యేకత. కాకపోతే రిసోట్టోని చాలాచోట్ల మాంసం ఉడికించిన నీళ్లతో వండుతారు, శాకాహారులు అడిగి తినాలి.

అసలు మేము వెళ్లింది అరీనా కోసం. మొదటి శతాబ్దంలో రోమన్లు కట్టిన రాతి రంగస్థలం. ఇటలీ సంగీతకర్త వెర్డి శతజయంతి ఏడాది, 1913లో, అక్కడ ఆయన ‘అయిదా’ ఒపేరా వేశారు. అప్పటినుంచి వేసవి ఒపేరాలకి పేరుపడింది. పేరు చెబితే మా ఆవిడ “అయిదా, ఆరా?” అని నవ్వింది.

మేము కొన్నది నంబర్లు లేని రాతి మెట్ల టికెట్టు. ముందొచ్చినవాళ్లది ముందు చోటు. ఎండకి కాగిన రాయి రాత్రి తొమ్మిదికి కూడా వెచ్చగానే ఉంది. దిండు అద్దెకిస్తారు, పిసినారితనం చేయకుండా తీసుకోండి. గాజు సీసాలు లోపలికి రానివ్వరు.

రెండో అంకంలో ఈజిప్టు సేన విజయయాత్ర. బాకాలు, సైనికులు, స్టేజీ నిండా జనం. అది కాగానే మా వరుసలో సగం మంది లేచి వెళ్లిపోయారు. అర్ధరాత్రి కావస్తోంది, నడుం పట్టేసింది, మేమూ లేద్దామనే అనుకున్నాం. కూర్చోవడమే మంచిదైంది.

చివరి దృశ్యంలో సేనాపతి రదామెస్‌ని దేశద్రోహం చేశాడని బతికుండగానే సమాధి చేస్తారు. చీకట్లో ఎవరో ఉన్నారు. అయిదా! అతను ప్రేమించిన బానిస పిల్ల. అతనితో చావడానికి ముందే వచ్చి దాక్కుంది. అప్పుడు మొదలవుతుంది యుగళగీతం, ‘ఓ భూమీ, ఇక సెలవు’ అని. ముందు ఆమె ఎత్తుకుంటుంది. కింది స్వరం నుంచి ఒక్కసారిగా పైకి ఎగబాకే వరస. అదే వరస తర్వాత అతను పాడతాడు. ఆపైన ఇద్దరూ కలిసి అదే పాడతారు. ఒపేరాలో ఇద్దరు కలిస్తే చెరో స్వరం పట్టుకుని పోతుంటారు, నాకు అక్కడే తికమక. ఇక్కడ మాత్రం ఇద్దరిదీ ఒకటే స్వరం. మన సంగీతం విని పెరిగిన చెవికి ఎవరూ చెప్పనక్కర్లేకుండా అర్థమైపోయింది. ప్రాణం రెండు గొంతుల్లో ఉన్నా పాట ఒకటే.

సంప్రదాయంగా మైకుల్లేకుండా పాడే చోటది. అంత దూరంలో వేలెడంత కనిపిస్తున్న మనుషులు, పాటేమో గుసగుసంత సన్నగా. దాన్ని పట్టుకోవడానికి మెట్ల మీద జనం ముందుకి వంగారు. మా కింది వరుసలో మంచినీళ్లు అమ్మే కుర్రాడు బుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయాడు. సమాధి మీద రాకుమారి అమ్నేరిస్ ‘శాంతి’ అని ప్రార్థిస్తుంది. ఆమె ప్రేమించిందీ అతన్నే. వయొలిన్లు పైన ఎక్కడో సన్నబడి ఆగిపోయాయి. చప్పట్లు వెంటనే రాలేదు. మన పద్యనాటకాల్లోలా వన్స్‌మోర్ అనాలనిపించే పాట కాదది.

తిరిగి నడుస్తుంటే దారిలో ఇద్దరం మాట్లాడుకోలేదు. గది మెట్లెక్కుతూ మా ఆవిడే అంది: “ఆ ఆఖరి పది నిమిషాల కోసమైతే మళ్లీ వస్తాను. ఈ కొంపకి మాత్రం రాను.”