పదకొండేళ్లు వాడిన మార్లిన్ 336: నచ్చినవి, విసిగించినవి

అచ్చంపేటలో చాయ్ హోటల్ దగ్గర కూర్చుంటే నన్ను ఈసారి పల్లి ఎంత వచ్చిందని ఎవరూ అడగరు. "అన్నా, అమెరికాల నీ దగ్గర తుపాకి ఉండెనంట గదా, సినిమాల్ల కింద కడ్డీ గుంజి టకటక కొడతరు, గదేనా?" అని అడుగుతారు. అదే. ప్రతిసారీ నోటితో చెప్పలేక ఒకసారి రాసి పెడుతున్నాను.

పేరు మార్లిన్ 336, అమెరికా లీవర్ రైఫిల్, అందులో వేసే తూటా పేరు థర్టీ-థర్టీ. 2010లో టెక్సాస్‌లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. 2021లో ఇల్లు ఖాళీ చేసి వచ్చేటప్పుడు అక్కడే ఉన్న బామ్మర్దికి అప్పజెప్పాను. పదకొండేళ్లలో పన్నెండు వందల తూటాల దాకా కాల్చి ఉంటాను, అందులో ముప్పాతిక భాగం రేంజ్‌లో అట్ట మీదే. మిగతావి నాతో పనిచేసే ఒకతని మామగారి భూమిలో, అడవి పందుల మీద, సీజన్‌లో తెల్లతోక జింకల మీద. అక్కడ ప్రైవేటు భూమిలో పందులకు సీజన్ అంటూ లేదు, ఏడాది పొడుగునా కొట్టొచ్చు. అట్లని ఎవరు పడితే వాళ్లు తుపాకి పట్టుకొని అడవిలోకి పోరు, వేటగాళ్ల క్లాసు ఒకటి ఉంటుంది, నేనూ కూర్చొని పరీక్ష రాసి పాసయ్యాను.

నాది 1978 నాటిది. ఎట్లా తెలిసిందంటే, ఆ కాలం మార్లిన్ సీరియల్ నంబర్లో మొదటి రెండంకెలను వందలోంచి తీసేస్తే తయారైన ఏడాది వస్తుంది, నాదాంట్లో 22 ఉంది. గొట్టం మొదట్లో జేఎం అనే చిన్న ముద్ర కూడా ఉంది, పాత కంపెనీ సరుకని దాన్ని చూసే గుర్తుపడతారు. ఆ తర్వాత కంపెనీ రెమింగ్టన్ చేతికి పోయింది, 2020లో రూగర్ అనే ఇంకో తుపాకుల కంపెనీ కొన్నది. కొత్తవి నేను వాడలేదు కాబట్టి వాటి జోలికి పోను.

మొదట నచ్చింది మోయడం. ఇది చెబితే అందరూ నవ్వుతారు, తుపాకి గురించి అడిగితే మోయడం గురించి చెబుతాడేందని. కానీ వేటంటే వందకు తొంభై తొమ్మిది పాళ్లు నడకే, ఒక పాలు కాల్చడం. మూడు కిలోల పైచిలుకు బరువు, ఇరవై అంగుళాల గొట్టం, పక్కలు పలకలా చదునుగా ఉంటాయి, పక్కనున్న పిడిని ఎత్తి లాగి తూటా ఎక్కించే బోల్ట్ రైఫిల్‌కు ఉన్నట్టు బయటికి పొడుచుకొచ్చిన పిడి గానీ కిందికి వేలాడే పెట్టె గానీ ఉండవు. నడిమధ్య ఒక్క చేత్తో పట్టుకుంటే నాయిన గొడ్డలి పట్టుకొని చేనుకు పోయినట్టే ఉంటుంది, ముళ్లపొదల్లో దేనికీ తగులుకోదు.

తర్వాత లీవర్. కింద కొక్కెంలాంటి కడ్డీని ముందుకు తోస్తే కాల్చిన తూటా ఖాళీ కేసు (ఇత్తడి తొడుగు) బయటపడుతుంది, వెనకున్న సుత్తిలాంటి హ్యామర్ వెనక్కి వంగుతుంది, గొట్టం కింది ట్యూబ్‌లోంచి తూటా ఒకటి పైకి లేస్తుంది, వెనక్కి లాగితే అది గొట్టంలో కూర్చుంటుంది. చెంప కట్టె మీంచి తీయకుండానే రెండో దెబ్బకు తయారు. మా బామ్మర్దిది ఎడమ చేతివాటం, కుడిపక్క పిడి ఉండే బోల్ట్ రైఫిల్ అతనికి ఎప్పుడూ పేచీయే, దీంతో ఆ తిప్పలు చాలావరకు తప్పాయి.

కానీ ఒక మాట. లీవర్‌ను దయతలచి తిప్పొద్దు. కొన్న కొత్తలో పాత వస్తువు కదా అని సుతారంగా తోసేవాణ్ని. ఒక సాయంత్రం నలభై గజాల్లో పెద్ద మగపంది, మొదటి గుండు దాని వీపు మీదుగా పోయింది, చప్పుడు కావొద్దని లీవర్‌ను సగమే తోసి వెనక్కి లాగాను. తూటా అడ్డం పడి ఇరుక్కుంది. పంది నన్నొకసారి చూసి, తొందరేం లేనట్టు పొదలోకి పోయింది. నేను అరగంట సేపు చిన్న కత్తితో ఆ తూటాను పెరుక్కుంటూ కూర్చున్నాను. పూర్తిగా చివరిదాకా తోయాలి, గట్టిగా లాగాలి. ఆ రోజు తర్వాత మళ్లీ ఇరుక్కోలేదు.

తూటా సంగతి. థర్టీ-థర్టీ 1895లో వించెస్టర్ కంపెనీ తెచ్చింది, పొగ రాని మందు కోసమే తయారుచేసిన తొలి అమెరికన్ వేట తూటాల్లో ఒకటి. గుండు బరువు మామూలుగా 150 గానీ 170 గానీ గ్రెయిన్లు, అంటే పది, పదకొండు గ్రాములు. కాల్చినప్పుడు వెనక్కి తన్నే తన్ను భుజానికి పెద్ద లెక్క కాదు, ఇంకా బలమైన థర్టీ-ఆట్-సిక్స్ తూటా కాల్చి దీన్ని పట్టుకుంటే హాయిగా ఉంటుంది. ఒక్క చిక్కేమంటే ట్యూబ్‌లో తూటాలు ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి, వెనకదాని ముక్కు ముందుదాని అడుగున మందు అంటించే ప్రైమర్‌ను తాకుతూ ఉంటుంది. అందుకని సూదిమొన గుండ్లు వేయరాదు, తన్నుకు ట్యూబ్‌లోనే పేలొచ్చు. చదునైన ముక్కువే వేయాలి, ఆ ముక్కు గాలికి అడ్డం పడి దూరం పోయేకొద్దీ వేగం చస్తుంది. ఈ కాలంలో మెత్తటి ప్లాస్టిక్ మొనవి వచ్చాయి, వాటికి ఆ ప్రమాదం లేదు, ధరే ఎక్కువ.

కాబట్టి దూరం అడిగితే నా జవాబు నూటయాభై గజాలు. వంద గజాలకు గురి సరిచేస్తే రెండు వందల గజాల దగ్గర గుండు ఎనిమిది, తొమ్మిది అంగుళాలు కిందికి దిగుతుంది. లెక్కగట్టి కొట్టొచ్చు, నేనైతే కొట్టను. వంద గజాల్లో నా చేతికి మూడు గుండ్లు రెండు, మూడంగుళాల్లో పడేవి, పందికి అది చాలు.

గురి చూసే దుర్భిణి, అదే స్కోప్, పెట్టాలా? ఇలాంటిదే ఇంకో లీవర్ రైఫిల్ వించెస్టర్ 94, దాని పాతవాటిలో ఖాళీ కేసు పైకి ఎగురుతుంది, స్కోప్‌కు అడ్డం. మార్లిన్‌లో పక్కకు పడుతుంది, పైభాగం గట్టిగా మూసి ఉంటుంది, స్కోప్ కోసం కంపెనీలోనే రంధ్రాలు వేసి ఇస్తారు. నేనూ మోజుపడి నాలుగు రెట్లు పెద్దగా చూపే ఫోర్ పవర్‌ది పెట్టించాను, రెండేళ్లు వాడి పీకేశాను. మధ్యలో పట్టుకొని నడిచే సుఖం పోయింది, హ్యామర్ మీద బొటనవేలు ఆనక పక్కకు ఒక ముక్క బిగించాల్సి వచ్చింది. తీసేసి చిన్న రంధ్రంలోంచి చూసే పీప్ సైటు పెట్టించాక నాకు ప్రాణం లేచొచ్చింది. చూపు మందగించినవాళ్లు మాత్రం స్కోప్‌తోనే ఉండటం మంచిది.

ఇప్పుడు భయపెట్టిన సంగతి. 1978 నాటి దాంట్లో సేఫ్టీ బటన్ లేదు, అది 1980లలో వచ్చింది. ఉన్నదల్లా హ్యామర్ సగం దాకా వచ్చి ఆగే గాడి. వంచిన హ్యామర్‌ను దించాలంటే బొటనవేలితో అదిమి పట్టుకొని, ట్రిగ్గర్ నొక్కి, మెల్లగా వదలాలి. ఒక జనవరి తెల్లవారుజామున మందపాటి గ్లౌజుతో ఆ పని చేయబోతే హ్యామర్ జారింది, గుండు నా ముందు బురదలోకి దిగింది. గొట్టం నేల వైపు ఉంది కాబట్టి ఇవాళ ఇది రాస్తున్నాను. అప్పట్నుంచి గ్లౌజు తీసి, ఊపిరి బిగబట్టి దించడం, హ్యామర్ కొంచెం కదలగానే ట్రిగ్గర్ మీంచి వేలు తీసేయడం. అట్లా తీస్తే, జారినా సగం గాడి పట్టుకుంటుంది.

చిన్న చిన్న విసుగులున్నాయి. తూటాలు పక్క తలుపులోంచి ఒక్కొక్కటే తోయాలి, ఆరోది ఎక్కేసరికి బొటనవేలి గోరు లేస్తుంది. ఖాళీ చేయాలన్నా లీవర్ తిప్పి ఒక్కొక్కటే బయటికి తీయాలి. ట్యూబ్ పట్టీ స్క్రూలు వదులవుతాయి, చూసుకుంటూ ఉండాలి. ఇరవై పందుల మంద పరుగెత్తితే పక్కవాడి సెమీ ఆటోమేటిక్ (తనంతట తానే తూటా ఎక్కించుకునేది) నాలుగింటిని పడగొట్టేది, నేను ఒకటి, మహా అయితే రెండు.

"ఇక్కడికి తెచ్చుకోకపోతివి అన్నా, పందులు పల్లి మొత్తం తవ్వేస్తున్నయి" అంటారు. నా చేను కూడా తవ్వుతున్నాయి. కానీ ఇక్కడ 1972 వన్యప్రాణి చట్టం ఉంది, అనుమతి లేకుండా పందిని కొట్టరాదు, పైగా మాది నల్లమల అంచు, పులుల అడవి పక్కనే. చేను చుట్టూ పాత చీరలు కట్టాను, రాత్రిళ్లు డబ్బా కొడతాను, వచ్చే సీజన్‌కు సోలార్ కంచె వేద్దామని ఉంది. కరెంటు తీగ మాత్రం ఎవరూ పెట్టకండి, దానికి పంది, మనిషి అన్న తేడా తెలీదు.

శుభ్రం చేయడం మాత్రం దీనంత సులువు ఇంకో లీవర్ రైఫిల్‌లో నేను చూడలేదు. ఒక్క స్క్రూ తీస్తే లీవర్ వస్తుంది, గొట్టం వెనక మూసే బోల్ట్ వెనక్కి జారుతుంది, గొట్టాన్ని వెనక నుంచే తుడవొచ్చు. అప్పుడు ఖాళీ కేసును బయటికి నెట్టే ఎజెక్టర్ అనే సన్నటి ముక్క ఒకటి చప్పుడు లేకుండా కింద పడుతుంది, బామ్మర్దికి ఇచ్చేటప్పుడు రెండుసార్లు చెప్పాను, కింద తెల్లగుడ్డ పరుచుకోమని. పోయిన నెల రాత్రి పదకొండింటికి వాట్సాప్ వీడియో కాల్. "బావా, కార్పెట్ మీద ఏదో పడ్డది, దొరుకుతలేదు."