టెన్షన్‌కి చేతులు వణికితే: అణచడం మేలా, మాత్ర మేలా, వణకనివ్వడం మేలా?

నలుగురి ముందు సంతకం పెట్టాలన్నా, మైకు పట్టుకోవాలన్నా, ఇంటర్వ్యూలో ఇచ్చిన నీళ్ల గ్లాసు ఎత్తాలన్నా సరిగ్గా ఆ నిమిషానికే చెయ్యి మన మాట వినడం మానేస్తుంది. దీనికి ఒక్కొక్కరు ఒక్కో మందు చెబుతారు. ఏది ఎంతవరకు పనికొస్తుందో నాకు తోచింది చెబుతాను.

ముందు ఒక సంగతి. వణుకు అనేది టెన్షన్ కొత్తగా పుట్టించేది కాదు. ఎంత నిబ్బరంగా ఉన్న మనిషి చేతిలోనైనా కంటికి ఆనని సన్నటి వణుకు, సెకనుకు సుమారు 8 నుంచి 12 సార్లు, ఎప్పుడూ ఉంటూనే ఉంటుంది. కంగారు పడగానే ఒంట్లో అడ్రినలిన్ అనే హార్మోను ఎగదన్ని, కండరాల మీద పనిచేసి, ఆ ఉన్నదాన్నే బయటికి కనిపించేంత పెద్దది చేస్తుంది. అందుకే "ధైర్యం తెచ్చుకో" అంటే వణుకు ఆగదు, అది ధైర్యానికి సంబంధించిన లెక్క కాదు కాబట్టి.

అందరూ మొదట చేసేది బిగబట్టడం. నా దృష్టిలో అన్నిటికన్నా పనికిమాలినది ఇదే. కాగితం పట్టుకున్న బొటనవేలి గోరు తెల్లబడేదాకా నొక్కి పట్టుకుంటాం, కండరం అలిసేకొద్దీ ఇంకా ఎక్కువ వణుకుతుంది, పైగా ఒంటి కాగితం అంచు ఆ కదలికను గది చివర కూర్చున్నవాళ్లకి కూడా చూపిస్తుంది. అదే కాగితాన్ని అట్ట మీద పెట్టుకుని, మోచేతులు బల్లకి ఆనిస్తే సగం గొడవ వదిలిపోతుంది.

ఊపిరి సంగతి వేరు, అది పనిచేస్తుంది, కానీ జనం చేసే పద్ధతిలో కాదు. గబగబా గుండెల నిండా పీల్చి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, వేళ్లు తిమ్మిరెక్కి, కళ్లు తిరిగి, ఉన్న కంగారు రెట్టింపవుతుంది. 4 అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో తీసుకుని, 6 అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా వదలాలి. ముందు గుండె దడ తగ్గుతుంది, చేతులు తర్వాత దారికొస్తాయి, ఆ కాస్త ఆలస్యానికి "ఇది కూడా పనిచేయలేదు" అని వదిలేసేవాళ్లే ఎక్కువ. కండరాలను ఒక్కొక్కటిగా కొన్ని సెకన్లు బిగించి వదిలే అభ్యాసం కూడా ఉంది, అమెరికా వైద్యుడు ఎడ్మండ్ జేకబ్సన్ రూపొందించినది. మంచిదే, కాకపోతే రోజూ రాత్రి చేస్తూ ఉంటేనే అసలు రోజున అక్కరకొస్తుంది.

ఇక మాత్ర. ప్రొప్రనొలాల్ అనే ఈ మాత్రని 1960లలో బ్రిటన్ శాస్త్రవేత్త జేమ్స్ బ్లాక్ గుండె జబ్బుల కోసం కనిపెట్టాడు, తర్వాత వేదిక ఎక్కే సంగీతకారులూ వాడటం మొదలుపెట్టారు. గంట ముందు వేసుకుంటే అడ్రినలిన్ సందేశం కండరానికి చేరకుండా అడ్డుపడుతుంది. ఎప్పుడో ఒకసారి వచ్చే ఉపన్యాసానికో పరీక్షకో దీనంత సూటిగా చేతి వణుకును ఆపేది ఇంకొకటి లేదని ఒప్పుకోవాల్సిందే. కానీ లోపలి భయాన్ని నేరుగా తీసేయదు. ఉబ్బసం ఉన్నవాళ్లకి, గుండె నెమ్మదిగా కొట్టుకునేవాళ్లకి ప్రమాదం. షుగర్‌కి మందులు వాడేవాళ్లలో షుగర్ పడిపోయినప్పుడు కనిపించే హెచ్చరికలను కప్పేస్తుంది. రోజూ వాడేవాళ్లు ఉన్నట్టుండి ఆపకూడదు. కాబట్టి పక్కవాళ్లు ఇచ్చారని కాదు, డాక్టరు రాస్తేనే. అల్ప్రజొలామ్ లాంటి ఆందోళన తగ్గించే మాత్రలు చటుక్కున నెమ్మదింపజేస్తాయి గానీ అలవాటైపోతాయి. మందు కొట్టి చేతులు నిలబెట్టుకునేవాళ్లూ ఉన్నారు, దిగాక అదే వణుకు వడ్డీతో సహా తిరిగొస్తుంది.

చివరిది, ఎవరికీ నచ్చనిది: వణకనివ్వడం. "చేతులు కాస్త వణుకుతున్నాయి, టెన్షన్‌లెండి" అనేసి పని కానిచ్చేయడం. అసలు ముడి ఇక్కడే ఉంది, చాలామందికి వణుకు కన్నా అది ఎవరైనా చూస్తారేమో అన్న భయమే పెద్దది, ఆ భయమే ఇంకాస్త అడ్రినలిన్ తెస్తుంది. దాచడం మానితే ఆ గొలుసు తెగుతుంది. ఒక్కసారిలో కాదు. చిన్న సందర్భాలతో మొదలుపెట్టి, తప్పించుకోకుండా, మళ్లీ మళ్లీ. కౌన్సెలర్ దగ్గర సీబీటీలో, అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే మాటల చికిత్సలో, చేయించేది కూడా దాదాపు ఇదే. రేపే వేదిక ఎక్కాల్సినవాళ్లకి డాక్టరు సలహాతో మాత్ర మేలు, వారంలో నాలుగు రోజులు వణికేవాళ్లకి మాత్రం ఇదే మేలని నేనంటాను. తోడుగా కాఫీ తగ్గించాలి, తాగిన కెఫీన్‌లో సగం పోవడానికే సుమారు 5 గంటలు పడుతుంది.

అయితే ప్రతి వణుకూ టెన్షన్ కాదు. చెయ్యి ఒళ్లో ఊరికే పెట్టుకున్నప్పుడు, ముఖ్యంగా ఒక పక్కే వణుకుతున్నా, తిండి బాగానే తింటున్నా బరువు తగ్గుతున్నా డాక్టరుకి చూపించుకోండి. థైరాయిడ్ ఎక్కువైనా చేతులు ఇలాగే వణుకుతాయి, ఉబ్బసానికి పీల్చే సాల్బుటమాల్ వల్ల కూడా. వెళ్లేటప్పుడు వాడుతున్న మందుల చీటీలన్నీ పట్టుకెళ్లండి.