చెవి ప్లగ్గులు: ఏడు నెలలు వాడాక రాస్తున్నా

రేటింగ్ ముందే చెప్పేస్తా, ఐదుకి మూడున్నర. పోయిన ఒకటిన్నరలో సగం తప్పు ఈ వస్తువుది కాదు, మా ఇంటి వెనక ఫంక్షన్ హాలుది.

మాది ఎల్బీ నగర్ దాటాక ఒక కాలనీ. మేం ఇల్లు కొన్నప్పుడు వెనకంతా ఖాళీ జాగా, సర్కారు తుమ్మ, మేస్తూ రెండు బర్రెలు. ఇప్పుడు అక్కడ పెద్ద హాలు, దాని ముందు లాన్, లాన్ మూలన మా పడకగది కిటికీకి ఎదురుగా స్పీకర్ల దొంతర. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం వచ్చాయంటే వరసగా ముహూర్తాలే. బరాత్ పదిన్నరకి బయల్దేరి గేటు ముందే గంటసేపు ఆగుతుంది, తీన్‌మార్ దరువుకి వంటింట్లో స్టీలు గ్లాసులు స్టాండులో ఒకదానికొకటి తగిలి సన్నగా మోగుతుంటాయి. ఊళ్లో అందరూ మంచి ముహూర్తం కోసం పంచాంగం చూస్తారు, మా వీధిలో మాత్రం మూఢం ఎప్పుడా అని చూస్తాం. ఆషాఢం వస్తే మాకు పండగ.

ఇక వస్తువు సంగతి. నారింజ రంగు ఫోమ్ ముక్కలు, చిటికెన వేలి కొనంత ఉంటాయి, పది జతల డబ్బా 180 రూపాయలు పడింది. మొదటి మూడు రాత్రులు డబ్బులు దండగ అనుకున్నా. దూది పెట్టుకున్నట్టు చెవిలోకి నెట్టి పడుకుంటే అర్ధరాత్రికి ఒకటి దిండు కింద, ఇంకోటి ఎక్కడో. మా పైపోర్షన్‌లో నర్సుగా చేసే అమ్మాయి ఉంటుంది, నైట్ డ్యూటీలు, పగలు పడుకోవాలి. ఆమె పగటి నిద్ర సంగతి వింటే మా రాత్రులే నయం అనిపిస్తుంది. పొద్దున తొమ్మిది నుంచి ఉల్లిగడ్డల ఆటో మైకు, అది పోగానే పాత ఇనుప సామాన్ల ఆటో మైకు, రెండూ ఆగితే పక్క ప్లాటులో బోరు బండి. ఆ అమ్మాయే నేర్పింది. "అక్కా, అట్లా నెట్టకూడదు, సన్నగా వత్తిలా చెయ్యాలి" అని తన రెండు వేళ్ల మధ్య ఆ ముక్కని నెమ్మదిగా నలుపుతూ అగ్గిపుల్లంత లావు చేసి, ఎడమ చేతిని తల మీదుగా తిప్పి కుడి చెవి పైభాగాన్ని పట్టి పైకీ వెనక్కీ లాగి, తిన్నగా లోపలికి పంపి, ముప్పై లెక్కపెట్టే దాకా వేలితో అలాగే పట్టుకుంది. నేనూ అలాగే పెట్టుకున్నా, ఫోమ్ లోపల ఉబ్బుతుంటే చప్పుడు ఎవరో నాబ్ తిప్పి తగ్గించినట్టు తగ్గుతూ పోయింది. ఆ రాత్రి ఆరు గంటలు పడుకున్నా. ఏ తారీఖో కూడా గుర్తుంది, చెప్పను, ఆ రోజు పెళ్లయిన వాళ్లు బాధపడతారు.

డబ్బా మీద 29 డెసిబెల్స్ తగ్గిస్తుందని ఉంటుంది. దాన్ని అక్షరాలా నమ్మకండి. అది ల్యాబులో పద్ధతిగా పెట్టి కొలిచిన సంఖ్య. అమెరికాలో ఫ్యాక్టరీ కార్మికులకి లెక్కేసేటప్పుడు అందులోంచి 7 తీసేసి, మిగిలినదాన్ని కూడా సగం చెయ్యమంటారు, అంటే 11. కిటికీలు మూశాక మా పడకగదిలో ఫోన్ యాప్ 68 చూపించింది, యాప్‌ని మరీ గట్టిగా నమ్మలేం అనుకోండి, అయినా 68లోంచి 11 పోతే 57. మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్లున్న చోట రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బయట ఉండాల్సింది 45, పగలైతే 55. అంటే తలుపులూ కిటికీలూ మూసి, చెవులూ మూసుకున్నాక కూడా రాత్రి వీధిలో ఉండాల్సినదానికంటే మా మంచం మీదే ఎక్కువ. పది డెసిబెల్స్ పెరిగితే చెవికి దాదాపు రెట్టింపు మోతలా వినిపిస్తుందని గుర్తుపెట్టుకుని ఈ లెక్క చూడండి. పైగా ఈ ఫోమ్ మాటల్నీ, సన్నాయినీ, జనరేటర్ కీచునీ బాగా ఆపుతుంది కానీ డీజే బేస్‌ని అంతగా ఆపలేదు. ఆ దడదడ గోడల్లోంచి, మంచం కోళ్లలోంచి, మన ఎముకల్లోంచే వస్తుంది.

ఫిర్యాదు చెయ్యొచ్చుగా అంటారు. చేశాం. ఫోన్ చేసిన ప్రతిసారీ సౌండ్ తగ్గింది, ఓ అరగంట. పండగలకీ సాంస్కృతిక కార్యక్రమాలకీ ఏడాదిలో మొత్తం 15 రోజులకి మించకుండా రాత్రి పన్నెండు దాకా సడలింపు ఇచ్చే వీలు ప్రభుత్వానికి ఉంది. ఇంటి పెళ్లి దాంట్లోకి రాదు అని మా ఆయన ఒకసారి గేటు దగ్గరికి వెళ్లి చెబితే, పెళ్లికొడుకు మేనమామ ఎవరో చేతులు పట్టుకుని "అన్నా, ఒక్క రోజే గదా, భోంచేసి పోండి" అన్నాడట. వాళ్లకి నిజంగా ఒక్క రోజే. ఈయన భోంచేసి వచ్చాడు, అది వేరే విషయం.

ఈ రివ్యూ ఇంత పొడుగ్గా రాయడానికి అసలు కారణం వేరే ఉంది. నాకు నిద్ర సరిపోవడం మొదలయ్యాక వీధి కొత్తగా కనిపించింది. అప్పటిదాకా నేనూ అందరిలాగే విసుక్కునేదాన్ని కాబట్టి తెలియలేదు. పెళ్లి జరిగిన మర్నాడు పొద్దున చూడండి, కారు అర అడుగు ఇటు పెట్టావని ఎదురింటాయన, చెత్త బండి ముందు మా ఇంటి దగ్గర ఎందుకు ఆగలేదని ఇంకొకామె, స్కూల్ బ్యాగు సర్దలేదని పిల్లాడి వీపు మీద ఒక్కటి. పాల పాకెట్ల అబ్బాయి ఆ రోజుల్లో గేటు కొట్టడానికే భయపడతాడు. ఇవే ఇళ్లు, ఇదే పార్కింగ్, ఆషాఢంలో మాత్రం ఒకరి కూర ఇంకొకరి ఇంటికి వెళ్తుంది. కిందింటి ఇంటర్ కుర్రాడు పరీక్షల ముందు చదివింది నిలబడట్లేదని ఏడ్చాడు, వాళ్లమ్మ దిష్టి తీసింది, నర్సమ్మాయి మాత్రం మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం, టెలి మానస్ నంబరు 14416 రాసిచ్చింది, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఇద్దరూ చెయ్యాల్సిందే చేశారు అనుకుంటా. మరి స్పీకర్ల సంగతి ఎవరు చూడాలి?

బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు 2015-16లో చేసిన జాతీయ సర్వేలో మానసిక సమస్యలున్న పెద్దవాళ్లు పల్లెల్లో 6.9 శాతం, మహానగరాల్లో 13.5 శాతం తేలారు. దాదాపు రెట్టింపు. సర్వే చేసిన 12 రాష్ట్రాల్లో మన రెండూ లేవు, కాబట్టి ఇది హైదరాబాద్ లెక్క అనట్లేదు. మోత ఒక్కటే కారణమనీ అనట్లేదు, అద్దెలున్నాయి, ఈఎంఐలున్నాయి, రెండు గంటల ట్రాఫిక్ ఉంది. కానీ నిద్రలో ఉన్నా చప్పుడుకి గుండె వేగం పెరుగుతుంది, మనకి మెలకువ రాకపోయినా ఒళ్లు మేలుకునే ఉంటుంది. అలాంటి రాత్రులు నెలకి పన్నెండు పడితే టెన్షన్ ఎక్కడి నుంచి వస్తోందని డాక్టర్ అడిగినప్పుడు కిటికీ వైపు చూపించాలనిపిస్తుంది.

ఇప్పుడు మైనస్‌లు. ఒకటి, దురద. చేతులు కడుక్కోకుండా పెట్టుకుంటే, లేదా ఒకే జతని వారాల తరబడి వాడితే ఖాయం, గుబిలి కూడా లోపలికి పోయి గట్టిపడుతుంది. కడిగి వాడొచ్చని ఎవరో అంటే కడిగాను, ఉబ్బే గుణం పోయింది, పారేశాను. చెవిలో చీము, కర్ణభేరికి రంధ్రం లాంటివి ఉన్నవాళ్లు ఈఎన్‌టీ డాక్టర్ని అడక్కుండా పెట్టుకోవద్దు. రెండు, మీ ఊపిరి మీకే గట్టిగా వినిపిస్తుంది, నాలుగైదు రోజులకి అలవాటవుతుంది.

మూడోది పెద్దది. ఒక రాత్రి అత్తమ్మ బాత్రూం దగ్గర జారి కూర్చుండిపోయి పిలిచింది. బరాత్ మోత, దానికి తోడు నా చెవుల్లోనూ ఆయన చెవుల్లోనూ ప్లగ్గులు. ఎంతసేపు పిలిచిందో ఆమె చెప్పలేదు. నేను నీళ్ల కోసం లేచి లైటు వేస్తే గోడకి ఆనుకుని కూర్చుని ఉంది, ఏమీ విరగలేదు దేవుడి దయవల్ల. "పిలిచి పిలిచి ఊకున్న బిడ్డా, మీరన్న పండుకున్నరు కదా అని" అంది. ఆ మాట మీద నేను రేటింగులో ఒక స్టార్ తీశాను, అన్యాయమని తెలుసు, అయినా తీశాను.

అప్పట్నుంచి ఇంట్లో ఒక్కరే పెట్టుకోవాలని రూలు. ఫ్రిజ్ మీద క్యాలెండర్‌లో పెళ్లి రోజులన్నీ గుండ్రంగా చుట్టి నాది, ఆయనది అని పంచుకున్నాం. అత్తమ్మ మంచం పక్కన ఒక స్టీలు చెంబు, గరిటె పెట్టాం, మోగిస్తే ప్లగ్గులు లేనివాళ్లు వెళ్లాలి.

హాస్టళ్లలో ఉండేవాళ్లు, నైట్ డ్యూటీ చేసేవాళ్లు, బస్సుల్లో రాత్రి ప్రయాణాలు చేసేవాళ్లు నిశ్చింతగా కొనండి, పెద్ద డబ్బా తీసుకుంటే జత పది రూపాయల్లోపే పడుతుంది. చంటిపిల్లలు, ముసలివాళ్లు ఉన్న ఇంట్లో ఇద్దరూ ఒకేసారి పెట్టుకోవద్దు. ఇవాళ ఆయన వంతు, అప్పుడే గుర్రు పెడుతున్నాడు. టైము పదకొండున్నర, గేటు దగ్గర ఇంకో పాట మొదలైంది, అందుకే కూర్చుని ఇదంతా టైప్ చేస్తున్నా.