మిన్నియాపొలిస్ చలిలో సైకిల్ జాకెట్, లోపలి పొరలు: కొన్ని చలికాలాల వాడకం తర్వాత సమీక్ష

ఈ సమీక్ష ఒక సాఫ్ట్‌షెల్ (మెత్తగా, పలుచగా ఉండే పై గుడ్డ) సైక్లింగ్ జాకెట్ గురించి, దాని లోపల నేను వేసుకునే పొరల గురించి. అమెరికాలోని మిన్నియాపొలిస్‌లో ఇంటికీ ఆఫీసుకూ మధ్య, నవంబరు మొదలుకొని మార్చి చివరి దాకా, కొన్ని చలికాలాలుగా దీన్నే వేసుకొని సైకిల్ తొక్కుతున్నాను. ఇక్కడ జనవరిలో రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత సగటున మైనస్ 13 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. ఉత్తరాది నుంచి శీతగాలి దిగివచ్చిన వారాల్లో మైనస్ 25కు కూడా పడిపోతుంది. నా దారిలో ఎక్కువ భాగం మిడ్‌టౌన్ గ్రీన్‌వే మీదుగా సాగుతుంది. అది పాత రైలుమార్గంలో వేసిన సుమారు 9 కిలోమీటర్ల సైకిల్ బాట. అందులో చాలా దూరం వీధుల కంటే కిందుగా, కందకంలో పోతుంది కాబట్టి అక్కడ గాలి తక్కువ. తూర్పు చివర మిసిసిపీ నది ఒడ్డున పైకి తేలగానే ఎదురుగాలి నేరుగా రొమ్ముకు తగులుతుంది. ఒకే ప్రయాణంలో ఈ రెండింటినీ తట్టుకోవాలన్నదే నేను జాకెట్‌కు పెట్టిన పరీక్ష.

జాకెట్ ఎంచుకునే ముందు శరీరం నుంచి వేడి ఎటు పోతుందో గమనించడం అవసరం. సైకిల్ తొక్కేటప్పుడు కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో సుమారు నాలుగో వంతో, అంతకంటే తక్కువో మాత్రమే పెడల్‌కు చేరుతుంది. తక్కినదంతా వేడిగా మారుతుంది. అంటే పెడల్ మీద 100 వాట్ల శక్తి పెట్టే మనిషి ఒంట్లో 300 వాట్లకు పైగా వేడి పుడుతుంది. మరోవైపు గాలి ఆ వేడిని లాగేస్తుంది. అమెరికా, కెనడా వాతావరణ శాఖలు 2001 నుంచి వాడుతున్న సూత్రం ప్రకారం, మైనస్ 10 డిగ్రీల దగ్గర గంటకు 20 కిలోమీటర్ల గాలి వీస్తే చర్మానికి అది మైనస్ 18లా తగులుతుంది. ఆకు కదలని రోజున కూడా మన వేగమే మనకు ఎదురుగాలి అవుతుంది. ఆ గాలి తగిలేది రొమ్ముకు, భుజాలకు, చేతుల ముందు భాగానికి. వీపుకు, చంకలకు దాదాపు తగలదు. ఛాతీ గడ్డకట్టుకుపోతుంటే వీపు మీద చెమట కారడం అనే వింత అవస్థ ఇందువల్లే కలుగుతుంది. కాబట్టి ముందూ వెనకా ఒకే గుడ్డతో కుట్టిన జాకెట్, అది ఎంత ఖరీదైనదైనా, ఈ పనికి సరిపోదన్నది నా గట్టి అభిప్రాయం.

నేను వాడుతున్న జాకెట్‌లో రొమ్ము, భుజాలు, చేతుల ముందు భాగం గాలి చొరబడని మూడు పొరల గుడ్డతో ఉన్నాయి. వీపు, చంకల కింది భాగం మాత్రం పలుచని ఫ్లీస్ (నూగు ఉండే కృత్రిమ గుడ్డ) అల్లికతో ఉండి గాలి ఆడనిస్తాయి. లోపల దూది గానీ ఈకలు గానీ లేవు. చేతిలోకి తీసుకుంటే ఇంత పలుచని దాంతో మైనస్ పదిలో ఎలా వెళ్లగలమా అన్న అనుమానం ఎవరికైనా కలుగుతుంది. మన దేశం నుంచి ఇక్కడికి కొత్తగా వచ్చినవారు మోకాళ్ల దాకా వచ్చే ఈకల కోటు కొనుక్కుంటారు. బస్టాపులో నిలబడడానికి అంతకు మించినది లేదు. అయితే అదే కోటుతో సైకిల్ ఎక్కితే కాసేపటికే లోపల ఉక్కపోసి, చెమట ఈకలకు పట్టి, ఎర్రదీపం దగ్గర ఆగగానే వణుకు మొదలవుతుంది. నీరు గాలికంటే సుమారు 25 రెట్లు ఎక్కువగా వేడిని ప్రసరింపజేస్తుంది కాబట్టి తడిసిన బట్ట ఎంత మందంగా ఉన్నా వెచ్చదనం ఇవ్వదు. బయలుదేరిన మొదటి పది నిమిషాలు కాస్త చలిగా అనిపిస్తేనే బట్టలు సరిగ్గా వేసుకున్నట్టు లెక్క. గుమ్మం దగ్గరే వెచ్చగా ఉంటే ఒక పొర తీసి లోపల పెట్టి రావడం మేలు.

ఇన్నాళ్ల వాడకంలో నాకు బాగా నచ్చినవి చిన్నచిన్న విషయాలే. వెనక అంచు ముందుకంటే అరచేయి పొడవున కిందికి దిగి ఉండడం వల్ల వంగి కూర్చున్నప్పుడు నడుము బయటపడదు. ముందు జిప్పును కింది నుంచి కూడా తెరవవచ్చు. వంతెన ఎక్కేటప్పుడు పొట్ట దగ్గర జానెడు తెరిస్తే వేడి బయటికి పోతుంది, రొమ్ము మాత్రం మూసే ఉంటుంది. జిప్పు వెనక నిలువునా ఉన్న పట్టీ, దాని పళ్ల మధ్య నుంచి వచ్చే సన్నని గాలిని ఆపుతుంది. డిసెంబరులో ఇక్కడ సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది కాబట్టి చేతుల మీద, వీపు కింద ఉన్న వెలుతురును తిప్పికొట్టే పట్టీలు అలంకారం కావు, అవసరం.

లోపాలు కూడా ఉన్నాయి. జిప్పు కొస ఎంత చిన్నదంటే మందపాటి గ్లౌజులతో పట్టుకోవడం అసాధ్యం. దానికి ఒక తాడు ముక్క కట్టుకున్నాను. వెనక జేబుల్లో బరువు పెడితే అంచు సాగి గాలి దూరుతుంది. మెడ దగ్గరి మెత్తటి గుడ్డ మీద ఊపిరి తేమ పేరుకొని మంచుగా మారుతుంది, కాబట్టి మెడకు వేరే ఉన్ని తొడుగు వేసుకొని, జిప్పును గడ్డం కిందే ఆపాల్సి వస్తుంది. ఇంకొక మాట: వీపుకు బ్యాగు తగిలించుకుంటే ఈ జాకెట్ వెనక భాగంలో పెట్టిన అల్లిక అంతా వృథా. ల్యాప్‌టాప్, మారు బట్టలు వెనక క్యారియర్‌కు తగిలించే సంచిలోకి మార్చాక వీపు తడవడం దాదాపు ఆగిపోయింది.

పూర్తిగా నీరు చొరని జాకెట్ ఎందుకు కాదని తరచుగా అడుగుతుంటారు. 1969లో అమెరికా ఇంజినీరు బాబ్ గోర్ పీటీఎఫ్‌ఈ అనే ప్లాస్టిక్‌ను ఒక్క ఊపున సాగదీసి, సూక్ష్మరంధ్రాలున్న పొరను రాబట్టిన నాటి నుంచి వానకోట్లు చాలా మెరుగుపడ్డాయి. నీటిబొట్టు దూరలేని ఆ రంధ్రాల గుండా ఆవిరి బయటికి పోతుందన్నది నిజమే. అయితే సున్నాకు దిగువన బయటి గుడ్డ చల్లగా ఉండి, ఆవిరి అది దాటేలోపే లోపలి వైపున చెమ్మగా మారి, తర్వాత నూగులా గడ్డకడుతుంది. పైగా మైనస్ 5లో వాన అరుదు. పొడి మంచు పడుతుంది, దులిపితే రాలిపోతుంది. నాకు వానకోటు అవసరపడేది సున్నాకు కాస్త అటూ ఇటూగా ఉండే నవంబరు, మార్చి రోజుల్లోనే. అప్పుడు దారి మీది ఉప్పు కలిసిన మంచు బురద చక్రాల నుంచి ఎగజిమ్ముతుంది. దానికి కూడా సగం మందు నిండు మడ్‌గార్డులే.

జాకెట్‌కంటే ముందు డబ్బు పెట్టవలసింది ఒంటికి ఆనుకొనే పొర మీద. నూలు బనీను చెమటను పీల్చుకొని గంటల తరబడి తడిగానే ఉంటుంది; చలిలో దాన్ని అసలు ముట్టుకోకూడదు. పాలిస్టర్ తన బరువులో ఒక శాతం తేమను కూడా పట్టుకోదు కాబట్టి త్వరగా ఆరుతుంది, కానీ రెండు రోజులకే వాసన కొడుతుంది. మెరినో ఉన్ని (మెరినో జాతి గొర్రెల సన్నని ఉన్ని) తన బరువులో మూడో వంతు దాకా తేమను పోగు లోపలికి తీసుకొని కూడా పైకి పొడిగానే తోస్తుంది, వాసన పట్టదు. నేను వాడేది చదరపు మీటరుకు 150 గ్రాముల పలుచని రకం. 250 గ్రాముల రకం వెచ్చనిదే గానీ తడిస్తే తొందరగా ఆరదు. బాగా చలిగా ఉన్న రోజుల్లో మెరినో కింద నార్వేవారు వాడే వల లాంటి అల్లిక బనీను వేసుకుంటాను. ఆ పెద్ద కన్నాల్లో గాలి నిలుస్తుంది, తడిసిన ఉన్ని చర్మాన్ని తాకదు. చూడడానికి వింతగా ఉండే ఈ బనీనంత ఉపకారం నాకు మరే వస్తువూ చేయలేదు.

ఇక ఏ చలికి ఎన్ని పొరలన్నది. ప్లస్ 5 నుంచి సున్నా దాకా జాకెట్ కింద పలుచని మెరినో ఒక్కటి చాలు. సున్నా నుంచి మైనస్ 10 దాకా వల బనీను, దాని మీద మెరినో. మైనస్ 10 దాటితే ఈ రెండింటికీ జాకెట్‌కూ నడుమ ఒక పలుచని ఫ్లీస్ చొక్కా. అది లోపల నూగు, బయట గళ్లు ఉండే రకమైతే ఆవిరి ఆగదు. మైనస్ 18 దిగువన జాకెట్‌ను మార్చను, పైన చేతుల్లేని గాలి చొరని కోటు ఒకటి వేసుకుంటాను. ఈ లెక్క నా ఒంటికి, నా వేగానికి సరిపోయింది. నెమ్మదిగా తొక్కేవారు ప్రతి మెట్టులోనూ ఒక పొర ఎక్కువ అనుకోవచ్చు.

చేతులు, కాళ్ల సంగతి జాకెట్ తీర్చలేదు. మైనస్ 10 దిగువన ఏ గ్లౌజులూ నాకు చాలలేదు. హ్యాండిల్‌కు తొడిగే పెద్ద తొడుగులు పెట్టుకుంటే వాటి లోపల పలుచని గ్లౌజులే సరిపోతాయి. పాదాలకు రెండు జతల మేజోళ్లు బిగించి ఎక్కించడంకంటే, ఒక సైజు పెద్ద బూటులో ఒకే ఉన్ని జత వేసుకోవడం మంచిది. బిగువు వల్ల రక్తం ఆడకే వేళ్లు మొద్దుబారుతాయి.

తెలుగు రాష్ట్రాల్లో ఇంత సరంజామా ఎక్కడా అవసరపడదు. అయినా నర్సీపట్నం నుంచి ఘాట్ రోడ్డులో లంబసింగికి జనవరి తెల్లవారుజామున ఎక్కేవారికి సూత్రం ఇదే. ఎక్కేటప్పుడు చెమట, దిగేటప్పుడు గాలి. ఒక పలుచని మెరినో బనీను, జేబులో మడిచి పెట్టుకొనే చేతుల్లేని గాలి చొరని కోటు ఉంటే చాలు; కోటును శిఖరం దగ్గర, దిగడానికి ముందు తొడుక్కోవాలి.

కొనేటప్పుడు దుకాణంలో నిటారుగా నిలబడి అద్దంలో చూసుకుంటే కొలత తెలియదు. లోపల వేసుకోబోయే మందపాటి పొరలతో వెళ్లి, హ్యాండిల్ పట్టుకున్నట్టు చేతులు ముందుకు చాచి వంగాలి. మణికట్టు బయటపడినా, భుజాల మధ్య బిగుసుకున్నా వద్దనుకోవాలి. నాది రెండు వందల డాలర్లకు కాస్త పైన పడింది; చలికాలం ముగిసే మార్చిలో ఇలాంటివి చాలా తగ్గింపు ధరకు దొరుకుతాయి. ఉతికేటప్పుడు జిప్పులన్నీ వేసి, చల్లని నీటిలో, గుడ్డను మెత్తబరిచే ద్రవం కలపకుండా ఉతకాలి; ఆ ద్రవం పోగుల మీద పొరలా పేరుకొని ఆవిరి పోకుండా చేస్తుంది, నీటిని జార్చే పూతను కూడా పాడుచేస్తుంది. నీటిచుక్కలు ముత్యాల్లా జారకుండా గుడ్డలోకి ఇంకుతున్నాయంటే పూత అరిగిందని అర్థం. శుభ్రంగా ఉతికాక పిచికారీ పూత పట్టించి, లేబుల్ మీద అనుమతి ఉంటే తక్కువ వేడిలో డ్రయ్యర్‌లో తిప్పితే మళ్లీ నిలబడుతుంది. నేను ఈ పనిని ఏటా అక్టోబరులో, మొదటి మంచుకు ముందే చేస్తాను.