ఎర్రదిబ్బ జాతి డ్రాగన్: హుద్‌హుద్ మరుసటేడు నుంచి మా మేడ మీద

ఎర్రదిబ్బ జాతి గురించి అడిగేవాళ్లంతా ముందు నిప్పు సంగతే అడుగుతారు. నన్నడిగితే అన్నిటికంటే తక్కువ పట్టించుకోవాల్సింది అదే. కవళ్ల చేపలు కడుపునిండా తిన్న రాత్రి తుమ్మితే నాలుగు నిప్పురవ్వలు రాలతాయి, అంతే. బట్టల తీగ కాస్త దూరంగా కట్టుకుంటే సరి. అసలు టెన్షనంతా విశాఖ ఉక్కతోనే.

మాది పెదవాల్తేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది కదా, ఆ మరుసటేడు వేసవిలో దీన్ని తెచ్చాం. భీమిలి రోడ్డు పక్క ఎర్రమట్టి దిబ్బల్లో పుట్టిన జాతి. ఒంటి రంగూ ఆ మట్టిదే, వాన పడితే నల్లబారుతుంది. ఎదిగాక మేకపోతంత ఉంటుంది. అమ్మినాయన ‘ఇంటికి కాపలా’ అన్నాడు. కాపలా లేదు, పాడూ లేదు. గ్యాస్ బండ తెచ్చే అబ్బాయి దగ్గర వెల్లకిలా పడుకుని పొట్ట గీకించుకుంటుంది. మా అత్తగారు సింహాద్రి అని పేరు పెట్టారు. దేవుడి పేరయ్యేసరికి నోరారా తిట్టుకునే వీలు కూడా లేకుండా పోయింది.

ఇసుక దిబ్బల్లో నీరు నిలవదు, ఇట్టే ఇంకిపోతుంది. మేడ మీది గచ్చు అలా కాదు. వానాకాలమంతా ఆ చెమ్మకి పొట్ట కింది పొలుసులు మెత్తబడి, అంచులు తెల్లగా లేచి, ముక్కవాసన కొడతాయి. వాటిని పీకొద్దు. ఉప్పుగాలి జిడ్డు పోయేలా మంచినీళ్లతో కడిగి, పాత లుంగీతో అద్ది, చెక్క పలక మీద పడుకోబెట్టాలి. పలక కింద ఇటుకలు పెడితే గాలాడుతుంది. మాకు మందులేవీ ఇంతగా పనిచేయలేదు. కార్తీకంలో చలిగాలి తగిలాక కుబుసం విడుస్తుంది. వేళ్ల చుట్టూ మిగిలిన పొరను గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి తీయాలి, లేకపోతే బిగుసుకుని వేలు వాస్తుంది.

తిండి ఖర్చు పెద్దదేం కాదు, వేట నిషేధం రోజులు తప్ప. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు కదలవు. ‘ఏటి బాబూ, మనుషులకే నేవు, మీ బల్లికెక్కడ తెమ్మంటావు’ అంటుంది మా చేపలామె. అప్పుడు ఎండు నెత్తళ్లే గతి. సింహాద్రి అలిగి గిన్నె బోర్లిస్తుంది, అందరూ పడుకున్నాక నాకేస్తుంది. కోడి కార్జం మాత్రం అలవాటు చేయకండి, ఇక చేప ముట్టదు.

నేవీ ఎయిర్‌స్టేషన్ ఉన్న ఊళ్లో రెక్కల జంతువేమిటని పక్కింటివాళ్లు భయపడ్డారు. ఇది ఎగిరిందెప్పుడు! ట్యాంకు మీంచి పిట్టగోడ దాకా జారేది, దవడలు నెరిశాక అదీ మానేసింది.

నాకు నచ్చింది వేరే. గాలివాటున హార్బర్ నుంచి ఓడ హారన్ వినబడితే, నిద్రలో ఉన్నా మెడ నిటారుగా లేపుతుంది. కంటి లోపలి పొర అడ్డంగా మూసుకుంటుంది. గొంతు కింది వదులు చర్మం వణుకుతుంది గానీ శబ్దం రాదు. మెడ మీద చేయి వేస్తే ఆ వణుకు మోచేతి దాకా తెలుస్తుంది.

ఈ జాతి తుపానును ముందే పసిగడుతుందంటారు. పోర్టులో ఒకటో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరకముందే మెట్ల కింద దూరిన మాట నిజమే. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ పేలినప్పుడూ దూరింది, పెళ్లి బ్యాండుకీ దూరింది.

కొనదలిస్తే అపార్ట్‌మెంట్ బాల్కనీలోకి వద్దు. మేడ ఉండాలి, పొద్దుటి ఎండ తగలాలి. పిల్లను కార్తీకం దాటాక తెచ్చుకోండి. వానల ముందు తెస్తే పొట్ట కడగడంతోనే సరిపోతుంది. బేరం గట్టిగా ఆడండి, ‘నిప్పు గ్యారంటీ’ అని పైన అడిగితే మాత్రం రూపాయి కూడా ఇవ్వకండి.