పదకొండేళ్ళుగా నా వంటింట్లో ఉన్న థాయ్ దినుసులు

బ్యాంకాక్‌లో కాపురం పెట్టి పదకొండేళ్ళయింది. మొదట్లో థాయ్ వంటంటే మిరపకాయల ఘాటే అనుకున్నాను. ఇప్పుడు కూర కుదరకపోతే ముందు రెండింటినే అనుమానిస్తాను: నామ్ ప్లా, కొబ్బరిపాలు.

నామ్ ప్లా అంటే చేపనీరు. నెత్తళ్ళను ఉప్పులో ఏడాది, ఏడాదిన్నర ఊరబెట్టి వడకడతారు. మొదటి రెండేళ్ళు అన్నిటికన్నా చవక సీసానే కొన్నాను. వంటకు ఉప్పదనం వచ్చేది, రుచి మాత్రం వచ్చేది కాదు. పక్కింటి పెద్దావిడను మేం ‘పా’ అంటాం, మన పెద్దమ్మ వరసే. ఆవిడ ఒకరోజు నా సీసా తిప్పి చూసి ఒక మాట మీద వేలు పెట్టింది: ‘ఫసొమ్’, అంటే కలిపినది. కొనవలసింది ‘థే’ అని ఉన్నది, అంటే అసలైనది. అప్పటి నుంచి వెనక ముద్రించిన చేప పాళ్ళు చదవకుండా ఏ సీసా కొనలేదు. ఇప్పుడు వాడుతున్నదానిలో చేప 70 శాతం. మూత తీయగానే వచ్చే వాసనకు భయపడనక్కర లేదు. వేడి మూకుడు అంచున చెంచాడు జార్చితే నీచు పోయి కమ్మదనం మిగులుతుంది. పెద్ద సీసా మాత్రం వద్దు. తెరిచాక నెలలు గడిస్తే రంగు నల్లబడి, రుచి మొరటుగా మారుతుంది.

కొబ్బరిపాల విషయంలో నాకు నిజంగా తల దించుకోవలసి వచ్చింది. ఇంటికి అతిథులను భోజనానికి పిలిచిన రోజున పచ్చ కూరకు డబ్బా పాలు పోసి ఇరవై నిమిషాలు మరిగించాను. నూనె తేలలేదు. అందులో వేసిన మసాలా ముద్ద వేగక, ఉడికి, పచ్చివాసన వేసింది. పాలు విడిపోకుండా ఉంచే పదార్థం ఆ డబ్బాలో కలిపారని తరవాత చదువుకున్నాను. థాయ్ కూరకు పాలు విడిపోవడమే కావాలి. మొదట పిండిన చిక్కటి పాలను ఇక్కడ ‘హువా కథి’, తల పాలు అంటారు. అవి మరిగి నూనె తేలాక ఆ నూనెలోనే ముద్దను వేయించాలి. తరవాత పిండిన పలచటి పాలు ఉడకడానికి. నేను ఉదయం సంతలో అప్పటికప్పుడు కోరి పిండించుకుంటాను. ఈ ఎండకు సాయంత్రానికి పులిసిపోతాయి కాబట్టి ఆ పూటే వండాలి. అది కుదరని రోజున కొబ్బరి, నీళ్ళు తప్ప మరేమీ లేని డబ్బా వెతుకుతాను.

బెల్లంలో రెండు రకాలున్నాయి. ఫెట్చబురి వైపు తాటి బెల్లం, సముత్ సొంగ్‌ఖ్రామ్ వైపు కొబ్బరి చెట్టు నీరాతో వండిన బెల్లం. తాటి బెల్లం వాసన తెలిసిన మనవాళ్ళకు మొదటిది వెంటనే దగ్గరవుతుంది. రెండింటిలోనూ పంచదార కలిపినవి చాలా అమ్ముతారు. రాయిలా గట్టిగా, తెల్లగా ఉన్నదాన్ని నేను ముట్టుకోను. మంచిది వేలితో నొక్కితే లొంగుతుంది.

ఖా అంటే అల్లంలా కనిపించే మన దుంపరాష్ట్రకం. మన ఆయుర్వేద దుకాణాల్లో దొరికే ఎండు దుంపతో తోమ్ ఖా అనే కొబ్బరిపాల చారు చేసి చూశాను. చెక్క రుచి తప్ప మరేమీ రాలేదు. దాని బదులు అల్లం వేస్తే అది వేరే చారు అవుతుంది. నిమ్మగడ్డిలో కింది జానెడు కన్నా తక్కువ భాగమే పనికొస్తుంది. మక్రూట్ నిమ్మ ఆకులు డీప్ ఫ్రీజర్‌లో నెలల తరబడి వాసన పోకుండా ఉంటాయి, నడిమి ఈనె తీసేసి సన్నగా తరుక్కోవాలి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది కొత్తిమీర వేరు. వెల్లుల్లి, మిరియాలతో కలిపి దంచిన ఆ ముద్దను ఇక్కడ ‘సామ్ క్లూ’, ముగ్గురు స్నేహితులు అంటారు. మాంసం ఊరబెట్టడానికైనా, ఉడకబెట్టిన చారుకైనా అదే మొదలు. విజయవాడ వెళ్ళినప్పుడు మా ఇంట్లో కట్ట మొదలు కోసి పారేస్తుంటే చేయి పట్టుకుని ఆపుతాను. ఈ ముద్దను రోట్లోనే దంచాలి. మిక్సీలో తిరగాలంటే నీళ్ళు పోయాలి, నీళ్ళు చేరిన ముద్ద వేగదు. చొన్‌బురిలోని ఆంగ్ సిలాలో చెక్కిన రాతి రోలు కొని తొమ్మిదేళ్ళయింది, ఇంకా చెక్కుచెదరలేదు.

కఫ్రావ్ ఆకు మన తులసే. అమ్మ వచ్చినప్పుడు దాన్ని మాంసంతో వేయించడం చూసి కాసేపు వంటింట్లోకి రాలేదు. ఆమె ఉన్నన్నాళ్ళూ ఆ వంట చేయలేదు. మామూలు రోజుల్లో పొయ్యి ఆర్పాకే ఆకు వేస్తాను, మూకుడు వేడి చాలు. ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికే నల్లబడుతుంది, అందుకే ఏ రోజు కట్ట ఆ రోజే కొంటాను.