తెల్ల పూత మేడ, బీఎల్‌డీసీ ఫ్యాన్లు: కొన్ని వేసవుల తర్వాత నా మాట

హనుమకొండలో మాది 200 గజాల్లో కట్టిన పాత స్లాబు ఇల్లు, పైన అంతస్తు లేదు. ఏసీ కొనే ఆలోచన పక్కన పెట్టి, మేడకు, అంటే స్లాబు పైభాగానికి, ఎండను తిప్పికొట్టే తెల్ల పూత వేయించాం, ఫ్యాన్లన్నీ బీఎల్‌డీసీవి (తక్కువ కరెంటుతో తిరిగే, బ్రష్‌లు లేని మోటారువి) బిగించాం. ఒక్క ముక్కలో చెప్పాలంటే నిద్రకు పూత, బిల్లుకు ఫ్యాన్లు.

మే నెలలో ఎండ 44 డిగ్రీలు దాటిందంటే మామూలు స్లాబు పగలంతా వేడిని పీల్చుకుని రాత్రంతా గదిలోకి వదులుతుంది. ఫ్యాను ఎంత తిరిగినా ఆ సెగనే కిందికి నెడుతుంది. పూత వేశాక తేడా బాగా తెలిసింది పడుకునే వేళకే. మిట్టమధ్యాహ్నం మేడ మీద చెప్పుల్లేకుండా నడవగలుగుతున్నాం. కళ్ళు మాత్రం తెరవలేం, అంత మిరుమిట్లు.

అమ్మేవాళ్ళు చెప్పనిది దుమ్ము సంగతి. మాకు దగ్గర్లో రైస్ మిల్లు ఉంది. ఊక మసి పడి తెలుపు బూడిద రంగుకు తిరుగుతుంది, ఆ మేరకు పూత పని తగ్గుతుంది. వాననీళ్ళు నిలిచే మూలల్లో పాచి నల్లగా పడుతుంది. శివరాత్రి వెళ్ళగానే కొబ్బరి చీపురుతో రుద్ది కడగాల్సిందే. కోతుల పాదముద్రలకు, అమ్మ మిరపకాయలు ఆరబోసిన చోటి ఎర్ర మరకలకు మాత్రం విరుగుడు లేదు.

ఇలా ఎండను తిప్పికొట్టే పైకప్పుల కోసం తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ఇళ్ళ విషయంలో 600 గజాలు, ఆపైన స్థలాలకే తప్పనిసరి. కాలిపోయేది మాలాంటి చిన్న ఇళ్ళే మరి!

పాత ఫ్యాను 75 వాట్లు, కొత్తది దాదాపు 30. రోజుకు 15 గంటలు తిరిగితే ఒక్కోదానికి నెలకు 20 యూనిట్లు ఆదా. మన కరెంటులో పెద్దవాటా భూపాలపల్లి, రామగుండం లాంటి చోట్ల బొగ్గు మండించి తీసేదే. దేశ సగటున యూనిట్‌కు సుమారు 700 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది కాబట్టి, ఫ్యానుకు నెలకు 14 కిలోలు తగ్గినట్టే. అయితే లోపలి సర్క్యూట్ బోర్డు పోయిందా, కెపాసిటర్ మార్చి బాగుచేసే వీధి ఎలక్ట్రీషియన్ చేతిలో పని కాదు. వారంటీ ఎక్కువ ఉన్నదే కొనండి.

ఇవన్నీ చేసినా మా పడమటి గది సాయంత్రానికి పొయ్యే. లోపల దళసరి పరదా కడితే లాభం లేదు, అద్దం దాటిన వేడి గదిలోనే ఉండిపోతుంది. కిటికీ బయట వెదురు తడక వేలాడదీశాక కాస్త నయం. గోడకు ఇంకా ఏమీ చేయలేదు. ఎప్పుడైనా ఏసీ కొంటే ఆ ఒక్క గదికే.